సైకిల్ సంచిలో ఏముండాలి: అమ్మాయికి ఉత్తరం

కావలి

చిరంజీవి అమ్మాయికి నాయన ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేము క్షేమం. మొన్న ఆదివారం మైపాడు దారిలో ఇందుకూరుపేట దాటాక నీ సైకిల్ పంక్చరైందనీ, అంత పొద్దున్నే ఒక్క కొట్టూ తెరవకపోవడంతో నెట్టుకుంటూ నడిచావనీ మీ అమ్మ చెప్పింది. ముప్పై పనులు చేసే పనిముట్టు ఒకటి ఆన్‌లైన్‌లో చూశావట, అది కొంటే చాలునా అని అడిగావట. ఫోనులో చెబితే సగం నేను మరిచిపోతాను, మిగతా సగం నువ్వు మరిచిపోతావు గనుక ఉత్తరం రాస్తున్నాను.

అది ఇప్పుడే కొనకు. ముందు సైకిల్‌ను వరండాలో గోడకు ఆనించి, దాని మీద ఉన్న ప్రతి బోల్టూ, ప్రతి నట్టూ దేనితో తిరుగుతుందో ఒక కాగితం మీద రాసుకో. నేను బడికి తొక్కుకుంటూ వెళ్లిన నల్ల సైకిల్‌కు రెండు పానాలూ ఒక స్క్రూడ్రైవరూ ఉంటే సరిపోయేది. నీ గేర్ల సైకిల్‌కు హ్యాండిలూ, సీటూ, బ్రేకులూ ఆరు పలకల గుంట ఉన్న బోల్టులతో బిగించి ఉంటాయి కాబట్టి 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు తప్పనిసరి. చిన్న సర్దుబాట్లకు 2.5, 3 కూడా ఉంటే మంచిది. అన్నిటికంటే ముఖ్యంగా చక్రం ఇరుసు చూడు. చేత్తో విప్పే లీవరు ఉంటే సరే, నట్లు ఉంటే మాత్రం వాటికి సరిపోయే పానా, సాధారణంగా 15 నంబరుది, నీ దగ్గర లేకపోతే వెనక చక్రం ఊడదు. ముప్పై పనులు చేస్తామని చెప్పుకునే పరికరాలు చాలావాటిలో ఆ ఒక్క పానా ఉండదు.

మన ప్రాంతంలో దారి మీద వచ్చే చిక్కు పదిసార్లలో తొమ్మిదిసార్లు ముల్లే. గట్ల మీద పెరిగిన సర్కారు తుమ్మ కొట్టినప్పుడు కొమ్మలు రోడ్డు మీదికి వస్తాయి, ఎండిన పల్లేరు కాయలు మార్జిన్‌లో పడి ఉంటాయి. తుమ్మ ముల్లు టైరులో దిగి విరిగిందంటే బయటికి ఏమీ కనబడదు, మొన మాత్రం లోపల నిలిచి ఉంటుంది. ట్యూబు మార్చి సంతోషంగా బయలుదేరిన మనిషికి అర కిలోమీటరు పోకుండానే రెండో పంక్చరు పడేది అందుకే. వేళ్లతో తడిమితే గుచ్చుకుంటుంది కనుక పాత బనియను గుడ్డను టైరు లోపలి వైపు చుట్టూ మెల్లగా లాగు. ముల్లు ఉన్న చోట గుడ్డ పోగు పట్టుకుని ఆగుతుంది. అక్కడ శ్రావణంతో మొన పట్టి లాగాలి. కాబట్టి ఆ గుడ్డ ముక్కా, చిన్న శ్రావణమూ నీ సంచిలో ఉండాల్సిందే. అమ్మే సంచుల్లో ఈ రెండూ నేను చూడలేదు.

రోడ్డు పక్కన కూర్చుని అతుకు వేయడం కంటే కొత్త ట్యూబు వేసుకుని, చిల్లి పడినదాన్ని ఇంటికి తెచ్చుకోవడం సుఖం. టైరు పక్కన 35-622 లాంటి అంకెలు అచ్చై ఉంటాయి; మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. ట్యూబు ఆ కొలతకే తీసుకో. టైరు తప్పించడానికి ప్లాస్టిక్ లీవర్లు రెండు చాలు, స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే ట్యూబుకు ఇంకో చిల్లి పడుతుంది. అయినా ఒకే రోజు రెండు ముళ్లు గుచ్చుకోవచ్చు కనుక ఉప్పు కాగితం, ప్యాచీలు, సొల్యూషన్ కూడా పెట్టుకో.

సొల్యూషన్ గురించి ఒక మాట. ఒకసారి తుమ్మలపెంట దారిలో చీకటి పడే వేళ నా సైకిల్ గాలి దిగింది. చిల్లి దొరికింది, ముల్లూ వచ్చింది, ఉప్పు కాగితంతో గరుకు చేశాను, తీరా సొల్యూషన్ ట్యూబు నొక్కితే గాలి తప్ప ఏమీ రాలేదు. నాలుగు నెలల కిందట ఒకసారి తెరిచి, మూత గట్టిగా బిగించి పెట్టినదే, లోపల జిగురంతా ఎండి గట్టిపడిపోయింది. ఆ రాత్రి ఊరిదాకా సైకిల్‌ను నేనే మోశాననుకో. ఒకసారి తెరిచిన సొల్యూషన్‌ను ఇంట్లో వాడుకుని, సంచిలో ఎప్పుడూ సీలు తీయనిది పెట్టు. ప్యాచీ కంటే కాస్త వెడల్పుగా పలుచగా పూసి, వేలికి అంటనంతగా ఆరాకే ప్యాచీ నొక్కాలి. తడి మీద అంటిస్తే నిలవదు.

పంపు కొనేటప్పుడు వాల్వు చూసుకో. నీ ట్యూబుది మోటారు సైకిల్ వాల్వు లాంటిదైతే ష్రాడర్, సన్నగా పొడుగ్గా ఉంటే ప్రెస్టా. రెంటికీ పట్టే పంపులు దొరుకుతాయి. నా సైకిల్‌ది రబ్బరు గొట్టం తొడిగిన డన్‌లప్ వాల్వు. ఆ రబ్బరు చిరిగి గాలి పోతుంటే పంక్చరని మోసపోయిన రోజులున్నాయి. అన్నట్టు, 1888లో గాలి టైరుకు పేటెంటు పొందిన ఆ డన్‌లప్ పశువైద్యుడు. కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపు తగ్గించబోయి ఆ పని మొదలుపెట్టాడు.

చైను తెగడం అరుదు. తెగిన చోట చైనును కలపడానికి నీ వెనక గేర్ల సంఖ్యకు సరిపోయే విడి లింకు ఒకటి, చిన్న చైన్ కట్టరు ఒకటి ఉంటే చాలు. ఇవన్నీ ఆ బనియను గుడ్డలోనే చుట్టు, గలగలలాడవు. కార్తీక మాసం వానల్లో సంచిలోకి నీరు దిగుతుంది, మైపాడు గాలికి ఉప్పు సరేసరి. అలెన్ కీలకు మిషను ఆయిల్ రాసి పాల కవరులో పెట్టు.

మీ అమ్మ శుక్రవారం వస్తూ శ్రావణమూ, నా 15 నంబరు పానా తెస్తుంది. ఆ పానా నీ నట్లకు పట్టకపోతే తిరిగి పంపించు, నాకు పని ఉంది. ఆదివారం బయలుదేరే ముందు ఒకసారి వరండాలోనే వెనక చక్రం విప్పి, ట్యూబు తీసి, మళ్లీ బిగించి చూడు. ఎంతసేపు పట్టిందో ఫోను చేసి చెప్పు.

ఆశీస్సులతో
మీ నాయన