మామిడి తోటకు తప్పుడు ఎర అమ్మినందుకు ఫిర్యాదు

జగిత్యాల జిల్లా

పండు ఈగ బుట్టల తయారీ సంస్థ వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మామిడి కోసమని అమ్మిన పండు ఈగ బుట్టల్లో తీగజాతి కూరగాయల ఈగకు వాడే ఎర ఉండటం, ఆ సరుకును వెంటనే వెనక్కి రప్పించవలసిన అవసరం గురించి.

ఆర్యా,

నా నాలుగెకరాల బంగినపల్లి తోట కోసం ఈ సీజనులో మీ సంస్థ తయారుచేసిన 40 పండు ఈగ బుట్టలను (ఎర వాసనతో మగ ఈగలను రప్పించి పట్టేవి), వాటికి సరిపడా ఎర బిళ్లలను జగిత్యాలలోని మీ డీలరు వద్ద రశీదు తీసుకొని కొన్నాను. డబ్బా మీద మామిడికాయ బొమ్మ, 'మామిడి పండు ఈగ నివారణకు' అనే అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. కాయ ముదరక ముందే, మీ కరపత్రంలో రాసినట్టుగానే, ఐదారడుగుల ఎత్తున కొమ్మల నీడలో వాటిని కట్టించాను. కోత దాకా ఆ బుట్టలు దాదాపు ఖాళీగానే ఉన్నాయి. కాయలు కోసి మాగ పెట్టిన తరువాత మాత్రం పైకి నిగనిగలాడుతున్న పండ్లలో కూడా తెల్లని పురుగులు బయటపడ్డాయి, మార్కెట్లో ఖరీదుదారులు మిగిలిన సరుకుకు సగం ధర కూడా పెట్టలేదు.

మీ ప్రతినిధికి ఫోను చేస్తే, బుట్టలో ఈగ పడలేదంటే తోటలో ఈగ లేనట్టేనని, పురుగు మాగ పెట్టిన చోట పట్టి ఉంటుందని చెప్పారు. ఈ జవాబును నేను అంగీకరించలేను. ఆడ ఈగ ముదిరిన కాయ తొక్కలోకి పొడిచి లోపల గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగులు గుజ్జు తిని, ఎదిగాక బయటికి వచ్చి మట్టిలోకి చేరి కోశస్థ దశకు (ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశకు) వెళతాయి. మా చెట్ల కింద రాలిన కాయలను కోసి చూసినప్పుడు కూడా అవే పురుగులు కనిపించాయి కాబట్టి పురుగు తోటలోనే పట్టిందనడంలో అనుమానం లేదు.

అసలు కారణం ఎర బిళ్ల లోపలి పొట్లం మీదే ఉంది. మామిడి అని రాసిన స్టిక్కరును తొలగిస్తే దాని కింద 'క్యూ లూర్' అని అచ్చయి ఉంది. మామిడిని ఆశించే ఈగల్లో మగవాటిని రప్పించేది మిథైల్ యూజినాల్. క్యూ లూర్‌కు వచ్చేది బీర, కాకర, సొర వంటి పాదులను పాడుచేసే ఈగ. సరిచూసుకోవడానికి మీ బుట్టనే ఒకదాన్ని పక్క చేనులోని బీర పందిరి కింద కట్టి చూస్తే కొద్ది రోజుల్లోనే నిండింది. అందులో పడిన ఈగల వీపు మీద మూడు పసుపు చారలు, రెక్కల కొసన మచ్చ ఉన్నాయి, అంటే అవి కూరగాయల ఈగలే. ఆ ఫొటోలు, పొట్లం, స్టిక్కరు, రశీదు ప్రతులు ఈ లేఖకు జతచేస్తున్నాను.

ఇది కేవలం పనిచేయని వస్తువు అమ్మిన విషయం కాదు. బుట్ట మగ ఈగలను తగ్గించడంతో పాటు, తోటలో ఈగ ఉధృతి ఎంత ఉందో రైతుకు తెలియజేస్తుంది. కాయ కోతకు దగ్గరపడినప్పుడు మందు కొడితే పండులో అవశేషాలు మిగులుతాయని మాలాంటి వాళ్లం వెనకాడి, బుట్టల మీద, రాలిన కాయలను ఏరి నాశనం చేయడం మీద ఆధారపడతాం. ఖాళీ బుట్టను చూసి ఈగ లేదని నమ్మిన రైతు కోతను త్వరగా మొదలుపెట్టడు, మట్టిలో చేరిన పురుగు నశించేలా చెట్ల కింద దున్నడు. నా ఉద్దేశంలో తప్పుడు ఎర ఉన్న బుట్ట కంటే అసలు బుట్ట లేకపోవడమే నయం, ఎందుకంటే అప్పుడు రైతు కనీసం అనుమానంతోనైనా ఉంటాడు. 2014 మేలో యూరోపియన్ యూనియన్ మన దేశపు మామిడి దిగుమతిని ఆపేయడానికి పండు ఈగలే ప్రధాన కారణమని, 2015లో గానీ ఆ నిషేధం తొలగలేదని ఈ వ్యాపారంలో ఉన్న మీకు నేను గుర్తుచేయనక్కరలేదు.

కాబట్టి ముందుగా, ఇదే బ్యాచ్ ఎర బిళ్లలు జగిత్యాల, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల డీలర్ల దగ్గర ఎన్ని ఉన్నాయో తేల్చి వెనక్కి రప్పించాలని, కొన్న రైతులందరికీ తెలుగులో సమాచారం పంపాలని కోరుతున్నాను. నా డబ్బు సంగతి ఆ తరువాతే. బుట్టల ఖరీదు తిరిగి చెల్లించడంతో పాటు, ఉద్యానశాఖ అధికారి సమక్షంలో పంట నష్టాన్ని లెక్కకట్టి పరిహారం ఇవ్వాలి. ఇకమీదట ఎర పేరు, అది ఏ పంట ఈగకు పనిచేస్తుందనేది డబ్బా మీద, లోపలి పొట్లం మీద తెలుగులో ఒకే విధంగా అచ్చువేయాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా సమాధానం పంపండి. అలా జరగకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను. మిగిలిన బిళ్లలను పొట్లాలు విప్పకుండా భద్రపరిచాను. మీ సాంకేతిక సిబ్బంది ఎప్పుడు వచ్చినా తోటను, బిళ్లలను చూపించడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక మామిడి రైతు