వార్షిక నివేదిక: దారి తప్పించే కథలతో ఒక ఏడాది

మన బెంగళూరు తెలుగు పాఠకుల సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మన పెద్దల్లో ఒకరు లేచి అడిగిన మాటతోనే ఈ ఏడాది పని మొదలైంది. "అర్థం కాకుండా రాసేవాళ్ళని మనమెందుకు చదవాలి? ఆదివారం పూట యశ్వంతపురం నుంచి మారతహళ్ళి దాకా రెండు బస్సులు మారి వచ్చేది తల పట్టుకుని కూర్చోడానికా?" అన్నారాయన. చాలామంది చప్పట్లు కొట్టారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. అంతకుముందు నెల చదివిన కథ మీద ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ అంతా తెలిసినట్టే మాట్లాడారు గానీ ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానికి పొసగలేదు. వింటున్నవాళ్ళకి మాత్రం తామే మొద్దులమేమో అన్న బెరుకు మిగిలింది. పాఠకుల సంఘం ఎప్పుడూ చేయకూడని పని అది.

అలాంటి రచనల్ని పక్కన పెట్టేద్దామని కార్యవర్గంలో ఇద్దరన్నారు. నేను ఒప్పుకోలేదు. చివరికి ఏడాది పొడుగునా కలలా సాగే రచనలే చదవాలనీ, చదివే పద్ధతి మాత్రం మార్చాలనీ తీర్మానించాం. ఒకటే నియమం. "దీని అర్థం ఏమిటి?" అని ఎవరూ అడగకూడదు. "ఎక్కడ దారి తప్పారు? అప్పుడు మీకేమైంది?" అని అడగాలి.

మొదటి సమావేశం ఆ పెద్దాయనకే అప్పగించాం. పాతవాళ్ళు ఎంత తేటగా రాశారో చూపిస్తానని ఆయన పింగళి సూరన కళాపూర్ణోదయం పట్టుకొచ్చారు. పదహారో శతాబ్దపు కావ్యం. కథ చెప్పడం మొదలుపెట్టిన గంటకల్లా ఆయనే బోర్డు మీద బాణాలు గీస్తున్నారు. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో ఒక కథ చెబుతాడు. తర్వాత అది లోకంలో జరిగి తీరుతుంది. అందులో మణిస్తంభుడు ఆడదవుతాడు, సుముఖాసత్తి మగవాడవుతుంది, వాళ్ళకి కళాపూర్ణుడు పుడతాడు. ఉయ్యాల్లో ఉండాల్సిన మధురలాలస తన పూర్వజన్మ చెప్పుకొస్తుంది. కథలో ఉన్నవాళ్ళే తమ కథ వింటారు. ముందు ఏది, వెనక ఏది అని ఎవరో అడిగితే ఆయన సుద్దముక్క కింద పెట్టి కాసేపు బోర్డు వైపే చూశారు. "నలభై ఏళ్ళుగా ఈ పద్యాలు చదువుతున్నాను. పద్యానికి అన్వయం కుదిరేది కాబట్టి కథ కూడా తెలిసిందనుకున్నాను. ఇవాళ మీకు చెబుతుంటే నాకే దారి దొరకలేదు" అన్నారు. ఆ మాట అనడానికి పెద్ద మనసు కావాలి. తెలుగు చదవడం రాని మన పిల్లలు ఈ కావ్యాన్ని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో తెచ్చిన ఇంగ్లీషు అనువాదంలో చదివి వచ్చారు. ఆ రోజు ఎక్కువ ప్రశ్నలు వేసింది వాళ్ళే.

తర్వాత జర్మన్‌లో రాసిన కథకుడు ఫ్రాంజ్ కాఫ్కా. పొద్దున లేచేసరికి పురుగైపోయిన మనిషి కథ, 1915లో వచ్చింది. సమావేశం మొదట్లో అందరికీ తలో కాగితం ఇచ్చి ఆ పురుగు బొమ్మ వేయమన్నాం. ఒకరు బొద్దింక వేశారు, ఒకరు పేడపురుగు, ఇంకొకరు జెర్రి. ఎనిమిదేళ్ళ పాప ఒకతి మంచం, దుప్పటి వేసి దుప్పటి కింద చిన్న ఎత్తు చూపించి ఊరుకుంది. అందరూ వేశాక అసలు సంగతి చెప్పాను. పుస్తకం అచ్చవుతున్నప్పుడు కాఫ్కా ప్రచురణకర్తకి ఉత్తరం రాశాడు. ఆ పురుగు బొమ్మ మాత్రం వేయించొద్దు, దూరం నుంచి కనబడేట్టు కూడా వద్దు అని వేడుకున్నాడు. చివరికి అట్ట మీద ముఖం చేతుల్లో దాచుకుని తలుపు దగ్గర నుంచి వెళ్ళిపోతున్న మనిషి బొమ్మ వచ్చింది. పాప అది విని తన కాగితం అమ్మకి చూపించుకుంది.

ఆ రోజు చర్చలో తేలిన ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. పురుగయ్యానని తెలిశాక ఆ కథలోని మనిషి గ్రెగర్‌కి పట్టుకున్న టెన్షన్ తన ఒళ్ళు గురించి కాదు, ఆఫీసు గురించి. గడియారం ఆరున్నర చూపిస్తోంది, అయిదింటి రైలు వెళ్ళిపోయింది, తర్వాతి రైలు ఏడింటికి. నైట్ షిఫ్టులో పనిచేసే మన సభ్యుడొకరు చాలాసేపు మాట్లాడకుండా ఉండి అన్నారు: "నాకు జ్వరం నూటమూడు వచ్చిన రాత్రి ముందు లాప్‌టాప్ తెరిచి లీవ్ మెయిల్ పెట్టాను. మాత్ర ఆ తర్వాతే వేసుకున్నాను. ఈ కథ నాకు వింతగా ఏం లేదు."

కలలాంటి రచన అంటే మసగ్గా ఉండాలన్న అపోహ మనలో చాలామందికి ఆ రోజు పోయింది. జరిగింది అసంభవం, గడియారంలో ముల్లు మాత్రం ఖచ్చితం. కల కూడా అంతే కదా, చచ్చిపోయిన తాతయ్య వస్తాడు, ఆయన చొక్కాకి ఊడిన గుండీ కూడా కనిపిస్తుంది. కొత్తగా రాస్తున్న మన సభ్యులకి ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. ఈ ఏడాది మనవాళ్ళు రాసి తెచ్చిన కథల్లో కొన్నిట్లో గుండీ లేదు, పొగమంచే ఉంది. అది తోచక రాసిన రాత. పెద్దాయన కోప్పడ్డది అలాంటి రాత మీదయితే నేను ఆయన పక్షమే.

1969లో వచ్చిన నవీన్ నవల అంపశయ్య మీద రెండు సమావేశాలు జరిగాయి. ఉస్మానియా విద్యార్థి రవి జీవితంలో ఒకే ఒక్క రోజు, చైతన్య స్రవంతి పద్ధతిలో, అంటే మనసులో ఆలోచనలు ఎలా పారితే అలా. హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళకి అది కష్టం అనిపించలేదు. మిగతావాళ్ళు మధ్యలో అలిసిపోయామన్నారు. ఆ సంగతి దాచకుండా రాస్తున్నాను. ఇద్దరు సభ్యులు అప్పటి నుంచి రావడం మానేశారు. ఫోన్ చేసి మాట్లాడాను, మళ్ళీ రమ్మని ఇక్కడ కూడా అడుగుతున్నాను.

అన్నిటికంటే ఎక్కువ కాలం త్రిపుర అనే పేరుతో రాసిన కథకుడి కథల దగ్గరే ఉన్నాం. ఆయన త్రిపుర రాష్ట్రంలో ఉద్యోగం చేశారు కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారని మనలో చాలామంది అనుకుంటూ వచ్చారు. అగర్తలాలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మాట నిజమే గానీ ఆ పేరు ఆయన అసలు పేరులోనే ఉంది, రాయసం వెంకట త్రిపురాంతకేశ్వరరావు. 1928లో పుట్టారు, 2013లో పోయారు. రాసిన కథలు కొన్నే. కాఫ్కా పేరు పెట్టి కవితలు కూడా రాశారు. "భగవంతం కోసం" చదివిన రోజు, భగవంతం దేవుడా మనిషా అని ఒకరు అడగబోయి, నియమం గుర్తొచ్చి ఆగిపోయారు.

ఆ కథ చదివి వినిపించింది ఇక్కడే పుట్టి కన్నడ మీడియంలో చదువుకున్న కుర్రాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, తెలుగు బడికి వెళ్ళలేదు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి కాబట్టి కూడబలుక్కుని చదవగలడు. తలకట్టు దగ్గర ఆగుతాడు, "క" దగ్గర ఆగుతాడు, ఒత్తులు విడదీసుకుని మళ్ళీ కలుపుతాడు. ఒక్కో వాక్యం పూర్తయ్యేసరికి మొదలు ఎక్కడుందో మనమే వెనక్కి వెళ్ళి వెతుక్కోవాలి. మొదటి పేజీకి కొందరు కుర్చీల్లో కదిలారు. రెండో పేజీకల్లా గది నిశ్శబ్దమైంది. నేనా కథ ఇంతకుముందు మూడు నాలుగుసార్లు గబగబా చదివాను. ఇంత నెమ్మదిగా వినడం అదే మొదలు. తర్వాతి మాట ఏమొస్తుందో తెలియకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ కుర్రాడి వల్ల తెలిసింది. అతనికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఆ తర్వాత ఒక సభ్యురాలు మాట్లాడారు. ఆవిడ అనుమతి తీసుకునే రాస్తున్నాను. "మా అమ్మకి మతిమరుపు జబ్బు. సాయంత్రం అయిదయ్యేసరికి చీర మార్చుకుని, గుడ్డసంచి సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది. ఇంక మనింటికి పోదాం పదవే అంటుంది. ఇది మనిల్లేనమ్మా అంటే నా వంక జాలిగా చూస్తుంది. మొదట్లో వాదించేదాన్ని, ఏడ్చేదాన్ని. ఇప్పుడు చెప్పులేసుకుని తనతోపాటు లిఫ్టులో కిందికి దిగుతాను. కాంపౌండు చుట్టూ ఒకసారి తిరిగి, అదే లిఫ్టులో పైకొచ్చి, అదే తలుపు తీస్తాను. హమ్మయ్య, వచ్చేశాం అంటుంది. ఇలాంటి కథ ఇదివరకు చదివితే చిరాకేసేది. ఇవాళ దాంతోపాటు లిఫ్టు దిగాను, అంతే."

ఆ రోజు ఇంకెవరూ మాట్లాడలేదు. టీ తాగి ఇళ్ళకి వెళ్ళాం. ఈ పదకొండేళ్ళలో మనం జరుపుకున్న సమావేశాల్లో నాకు ఎప్పటికీ గుర్తుండేది అదే.

ఇక మిగతా విషయాలు. సెప్టెంబరులో మనం మాట్లాడుకున్న హాలువాళ్ళు ముందురోజు రాత్రి కుదరదన్నారు. అడ్వాన్సు ఇంకా తిరిగి రాలేదు, అడుగుతున్నాం. ఆ రోజు తమ అపార్టుమెంటు డాబా ఇచ్చి, వాన పడితే టార్పాలిన్ కూడా కట్టించిన సభ్య దంపతులకి కృతజ్ఞతలు. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా చదువుతారు. చందా బాకీ ఉన్నవాళ్ళు ఈ రోజే కడితే ఆయనకి తిరిగే పని తప్పుతుంది.

వచ్చే ఏడాది కూడా గట్టిగా చదివి వినిపించే పద్ధతి, ఆ ప్రశ్న అడగకూడదన్న నియమం కొనసాగుతాయి. ఏం చదవాలన్నది ఈ సభలో తేల్చుకుందాం. పెద్దాయన కళాపూర్ణోదయం మళ్ళీ మొదటి నుంచి చెబుతానంటున్నారు, ఈసారి బాణాలు లేకుండా.

చివరిగా ఒక విన్నపం. మన లైబ్రరీలో త్రిపుర కథల ప్రతి ఒక్కటే ఉంది. దారి తప్పిన చోట మార్జిన్‌లో పెన్సిల్‌తో తేదీ వేయమని చెప్పాం కదా. చదివిన ప్రతివాళ్ళూ వేశారు. కొన్ని పేజీల్లో అయిదారు చేతిరాతలున్నాయి, కొందరు తేదీ పక్కన ఒక మాట కూడా రాశారు. ఫిబ్రవరి తర్వాత ఆ పుస్తకం ఎవరు తీసుకెళ్ళారో రిజిస్టరులో లేదు. ఎవరి దగ్గరున్నా తెచ్చివ్వండి, ఆలస్యానికి జరిమానా వేయం. దయచేసి ఆ పెన్సిల్ రాతలు మాత్రం చెరపకండి.

కార్యదర్శి