పాతతరం గులాబీల సంఘం: వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పనుల్లో అన్నిటికంటే ముందు మూడు పొదల సంగతి చెప్పాలి.

మన రిజిస్టరులో లేత గులాబీ రంగు పూల మొక్కలు మూడు వేర్వేరు పద్దుల కింద ఉండేవి. చలి ప్రాంతపు సభ్యురాలు పంపినదానికి 'హెర్మోసా' అని రాసి ఉంది. సముద్రతీరం నుంచి వచ్చినదానికి పేరే లేదు. ఎండలు మండే మైదానం నుంచి వచ్చినది 'ఓల్డ్ బ్లష్' అన్న లేబుల్‌తో చేరింది. ఆ మూడు పూలనూ పక్కపక్కన పెడితే ఒకటేనని ఎవరూ అనరు. చలిలో పూసినది రేకులు దగ్గరగా పేర్చినట్టు నిండుగా ఉండేది. ఎండలో పూసినది పొద్దున్నే విచ్చుకుని, సాయంత్రానికల్లా వడిలిపోయేది. గత సమావేశంలో దీని మీద మనం ఎంత వాదించుకున్నామో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు మన ఉపాధ్యక్షురాలు గారు, "మూడింటి కొమ్మలూ తెచ్చి ఒకే మడిలో నాటండి. నేలా నీళ్లూ ఎండా ఒకటైనప్పుడు చూద్దాం" అన్నారు.

అలాగే చేశాం. అంటు కట్టకుండా కొమ్మలనే వేళ్లూనించాం. అంటు కట్టినప్పుడు అడుగున వేళ్ల కోసం వాడే వేరే మొక్కను, అంటే రూట్‌స్టాక్‌ను బట్టి కూడా మొక్క తీరు మారుతుంది కాబట్టి ఆ తేడా లేకుండా చూసుకున్నాం. ఈ సీజనులో మూడూ ఒకేసారి పూశాయి. తెల్ల గుడ్డ మీద మూడు రెమ్మలూ పరిచి భూతద్దంతో చూశాం. మూడింటికీ నున్నటి కొమ్మ, అక్కడక్కడ ఒకటీ అరా వంపు తిరిగిన ఎర్ర ముల్లు. ఆకుకు మూడో అయిదో రెబ్బలు. ఆకు కాడ మొదట్లో సన్నటి రెక్కల్లాంటి పుచ్ఛాలు, వాటి అంచున గుండుసూది తలంత కూడా లేని గ్రంథులు. పువ్వు నడిమధ్య కీలాలు ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా ఉన్నాయి. మర్నాడు మళ్లీ వచ్చి చూస్తే, ఎండ తగిలిన రేకులు వెలిసిపోవడానికి బదులు ముదురు రంగు తిరిగాయి. అది చైనా గులాబీల లక్షణం. మూడూ ఓల్డ్ బ్లషే. హెర్మోసా అయితే పువ్వు గిన్నెలా గుండ్రంగా ఉండాలి, ఆకుల్లో నీలిచాయ కనిపించాలి. అవి రెండూ లేవు.

దీనికి ఇంత ప్రాధాన్యం ఎందుకో కొత్త సభ్యుల కోసం చెబుతాను. 18వ శతాబ్దంలో చైనా నుంచి యూరప్ చేరి, 'పార్సన్స్ పింక్ చైనా' పేరుతో కూడా వాడుకలోకి వచ్చిన మొక్క ఇదే. మళ్లీ మళ్లీ పూసే గుణం పాశ్చాత్య తోటలకు ప్రధానంగా వచ్చింది ఇలాంటి చైనా మొక్కల వల్ల. రీయూనియన్ దీవిలో ఇది ఆటమ్ డమాస్క్ అనే పాత గులాబీతో కలిసి బూర్బన్ గులాబీలు పుట్టాయి. అమెరికాలోని చార్లెస్టన్‌లో మస్క్ గులాబీతో కలిసి, జాన్ చాంప్నీస్ తోటలో నాయిజెట్ తరగతికి మూలమైన మొక్క వచ్చింది. అలాంటి మొక్కకు మనమే తప్పు పేరు రాసి పెట్టుకుంటే ఎలా? ఇకమీదట పువ్వు ఫొటో ఒక్కటే పంపితే రిజిస్టరులో పేరు రాయకూడదని కార్యవర్గం తీర్మానించింది. కొమ్మ, ముల్లు, పుచ్ఛం, మొగ్గ, కాయ అన్నీ కనబడాలి. బెర్ముడాలో పేరు తెలియని గులాబీలను 'స్మిత్స్ పారిష్' వంటి ఊరి పేర్లతోనే ఏళ్ల తరబడి పెంచుతున్నారు. మనమూ దొరికిన చోటు పేరే రాసి ఆగుదాం.

ఒక సభ్యుని 'అపురూపమైన తెల్ల గులాబీ'ని కూడా అదే రోజు చూశాం. పుచ్ఛాల అంచు దువ్వెన పళ్లలా చీలి ఉంది. అది మల్టీఫ్లోరా, అంటే రూట్‌స్టాక్. పైన కట్టిన అంటు ఎప్పుడో చనిపోయింది. ఆయన బాధపడ్డారు, మాకూ బాధగానే ఉంది. దయచేసి అంటు ముడి కింద వచ్చే చిగుళ్లను మొదట్లోనే పీకేయండి.

వాతావరణం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న: గాలికా తరగతి గులాబీ మొక్క గుబురుగా పెరిగినా ఎందుకు పూయదు? చలికాలంలో తగినంత చలి తగలకపోతే గాలికాలు, ఆల్బాలు, సెంటిఫోలియాలు వంటి పాత తరగతులు ఆకులతోనే సరిపెడతాయి. వేడి ప్రాంతాల వారు టీ, చైనా, నాయిజెట్ తరగతులు పెట్టుకోండి. టీ గులాబీలను మొదలంటా నరకకండి, అవి తట్టుకోలేవు. గాలిలో తేమ ఎక్కువగా ఉండే చోట బూర్బన్లకు నల్లమచ్చ తెగులు తప్పదు, కాబట్టి మొక్కకూ మొక్కకూ మధ్య గాలి ఆడనివ్వండి. చలి దేశాల సభ్యుల్లో కొందరు ఏడాదికోసారి పూసే రకాలను చలికాలం చివర కత్తిరించి, పూలు లేవని రాశారు. అవి పాత కొమ్మ మీదే పూస్తాయి. పూత అయ్యాకే కత్తెర పట్టాలి.

ఇక చెప్పడానికి ఇష్టం లేకపోయినా చెప్పవలసినవి. నెలనెలా పూత వివరాలు రాసి పంపుతామని గత సమావేశంలో చేతులెత్తిన వారిలో చివరిదాకా పంపినవారు ముగ్గురే. మిగతావారికి నేను పదేపదే ఫోన్లు చేశాను. మడికి నీళ్లు పెట్టే వంతు వచ్చిన రోజున రానివారి పని ప్రతిసారీ ఒకే దంపతుల మీద పడింది. ఆధునిక గులాబీల్లో మొదటిదిగా చెప్పే, 1867లో వచ్చిన 'లా ఫ్రాన్స్' కంటే ముందున్న తరగతులే మన పరిధి అని తెలిసి కూడా, నిన్నమొన్నటి రకాలు తెచ్చి నమోదు చేయమని పట్టుబట్టడం భావ్యం కాదు.

ఒక పాత శ్మశానంలో సమాధి పక్కనున్న పొద నుంచి నాలుగు కొమ్మలు తీసుకోవడానికి సంబంధిత కార్యాలయానికి దరఖాస్తు పెట్టాం. మూడుసార్లు గుర్తు చేశాం. అనుమతి కాగితం చేతికొచ్చి మేం వెళ్లేసరికి, శుభ్రం చేయించే పనిలో పొదను వేళ్లతో సహా తీసేశారు. గుంత ఇంకా తడిగానే ఉంది. ఫొటోలు, ఒక ఎండిన కాయ మాత్రమే మన దగ్గర మిగిలాయి. దాన్ని పేరు లేకుండా, దొరికిన చోటుతో రిజిస్టరులో రాశాను. విత్తనాలు మొలిచినా అవి తల్లి మొక్క కావని తెలిసే నాటాం.

జమాఖర్చుల పద్దు కోశాధికారి గారు విడిగా చదువుతారు. చందాలకు లోబడే ఖర్చు చేశాం, బాకీలేమీ లేవు. చందా కట్టనివారు ఈ రోజే కట్టండి.

మడికి తమ పెరడు ఇచ్చిన సభ్యురాలికి, లేబుళ్లన్నీ చేత్తో రాసిన మాస్టారికి, కొమ్మలను తడి కాగితంలో చుట్టి దూరాల నుంచి పంపిన వారందరికీ, భూతద్దాలు తెచ్చిన విద్యార్థులకు, వాన పడుతున్నా వచ్చి మడి చుట్టూ కంచె కట్టిన యువకులకు, ప్రతి సమావేశానికీ చాప పరిచి టీ పెట్టిన ఇంటివారికి, నా విసుగును ఓర్చుకున్న కార్యవర్గానికి పేరుపేరునా కృతజ్ఞతలు.

మడిలో వేళ్లూనిన ఓల్డ్ బ్లష్ మొక్కలు కొన్ని పంపకానికి సిద్ధంగా ఉన్నాయి. నీళ్ల వంతుకు పేరు రాసినవారికే ముందుగా ఇస్తాం. కాగితం నా దగ్గర ఉంది. ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి