ఆలస్యమైన టర్బో కిట్లు: వేస్ట్‌గేట్ ప్రెషర్ ఎక్కణ్ణుంచి తీసుకోవాలి

కిట్లకు అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్న మీకు అసలు సంగతి చెప్పాలి. బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) హద్దు చేరగానే ఎగ్జాస్ట్‌ని పక్కకి మళ్లించి టర్బో వేగాన్ని అదుపుచేసే గేటే వేస్ట్‌గేట్; ఆ ఒత్తిడి గొట్టం ద్వారా అందితేనే అది తెరుచుకుంటుంది. ఈసారి వచ్చిన కంప్రెసర్ హౌసింగుల్లో (టర్బోలో గాలిని కుదించే భాగపు తొడుగు) వేస్ట్‌గేట్‌కి ప్రెషర్ తీసుకునే నిపుల్ (గొట్టం తగిలించే చిన్న మొన) లేదు. దాని చోట దిమ్మ పోతపోసి, రంధ్రం వేయకుండా పంపేశారు. అడిగితే సరఫరాదారు, "మానిఫోల్డ్ మీద టీ వేసుకోండి, అందరూ చేసేదే" అన్నాడు; అంటే ఇంజిన్‌లోకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ గొట్టానికి టీ ఆకారపు జాయింటు వేసి, ప్రెషర్ అక్కణ్ణుంచి తీసుకోమని. ఆ అందరిలో మేం లేం.

ఆ మాట వింటే కిట్లు వెంటనే పంపేయొచ్చు కాబట్టి చాలానే ఊగిసలాడాం. దానికో లాభమూ ఉంది: టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లో పోయే ఒకటి రెండు పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) కూడా లెక్కలోకి వస్తుంది. కానీ థ్రాటిల్ (ఇంజిన్‌కి గాలి వదిలే ప్లేటు) సగమే తెరిచినప్పుడు ఆ ప్లేటుకి ముందు పైపులో ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది, వెనక మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉండొచ్చు. గేటుకి కబురందదు, మూసుకునే ఉంటుంది; టర్బో అనవసరంగా తిరుగుతుంది, సర్జ్ (గాలి వెనక్కి తన్నడం) మొదలవుతుంది. ఇంటర్‌కూలర్ పైపు ఊడితే మరీ ఘోరం, షాఫ్ట్ వేగానికి పగ్గమే ఉండదు. హౌసింగ్ దగ్గరైతే కొంతైనా సిగ్నల్ మిగులుతుంది. అదే టీకి బ్లో-ఆఫ్ వాల్వు (థ్రాటిల్ మూసినప్పుడు అదనపు గాలి వదిలేది), ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటరు కూడా తగిలిస్తే ఎక్కడ లీకైనా గేటుకి సిగ్నల్ తగ్గి బూస్ట్ ఎగబాకుతుంది.

ఇంటర్‌కూలర్ దాటాక, థ్రాటిల్‌కి ముందు తీసుకోవచ్చు, తప్పు కాదు. గొట్టం పొడవవుతుంది, పైపు ఊడితే మళ్లీ అదే గొడవ.

అందుకే రంధ్రాలు మేమే వేస్తున్నాం. లోపల రజను పడకుండా హౌసింగ్ పూర్తిగా విప్పి, గాలి దారికి లంబంగా 1/8 ఎన్‌పీటీ (పైపు మరల కొలత) మర తీసి, లోపలి అంచు నున్నగా గీకుతాం. నిపుల్ మూతి గాలికి ఎదురుగా ఉంటే ఆ వేగం కూడా ఒత్తిడిగా అంది, గేటు ముందే తెరుచుకుంటుంది. ఆలస్యం ఇక్కడే.

బిగించాక గేటులోని 7 పీఎస్‌ఐ స్ప్రింగుతో మానిఫోల్డ్ గేజీ 5, 6 చూపిస్తే కంగారుపడొద్దు, తేడా ఇంటర్‌కూలర్ తినేసింది. బూస్ట్ పెంచాలంటే హౌసింగుకీ గేటుకీ మధ్యలో మూడు పోర్టుల సోలనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) పెట్టండి; కరెంటు పోతే ఒత్తిడి నేరుగా గేటుకే వెళ్లేలా కలపాలి. మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ ఒత్తిడి కొలిచేది), గేజీ మాత్రం మానిఫోల్డ్ మీదే ఉండనివ్వండి.

ఆగలేనివారికి అడ్వాన్సు మొత్తం తిరిగిస్తాం. కిట్ అందుకున్నవారు ముందు గేటు నిపుల్‌కి చేతిపంపుతో 5 పీఎస్‌ఐ కొట్టి చూడండి. పంపు గేజీ ముల్లు దిగిపోతుంటే ముందు పంపు గొట్టం చూడండి, అది బాగుంటే గేటు లోపలి డయాఫ్రమ్ (పలచని పొర) చిరిగినట్టే. బిగించకుండా వెనక్కి పంపండి.