ఇంటర్‌ప్రెటర్‌ను పిలిపించడం ఇంటివాళ్ల పనా?

సంపాదకులకు నమస్కారం.

సెప్టెంబర్ 23న జరిగిన అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినోత్సవ సభ వార్త మీ పత్రికలో వచ్చి వారం దాటింది. వేదిక మీద మాటల్ని సంజ్ఞా భాషలోకి మార్చి చెప్పే ఇంటర్‌ప్రెటర్ ఫొటో కూడా వేశారు, సంతోషం. మిగతా రోజుల్లో అవసరమైన చోట వారెందుకు కనపడరని మాత్రం ఆ సభలో ఎవరూ అడిగినట్టు లేదు.

మా తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. కిందటి నెల ఆపరేషన్ చేయాలన్నారు. ఇంటర్‌ప్రెటర్ కావాలని పది రోజుల ముందే చెప్పాం. తీరా వెళ్తే "మీరున్నారు కదమ్మా, మీరే చెప్పేయండి" అన్నారు. డాక్టరు గారు మాస్కు తీయకుండా, వాడి వైపు చూడకుండా నాతోనే మాట్లాడారు. నాకు వచ్చినవి ఇంట్లో వాడే నాలుగు సైగలు. మత్తుమందుతో వచ్చే చిక్కులు వాటితో ఎలా చెప్పను? వాడు భయపడతాడని సగం నేనే మింగేశాను. నా ముఖం చూసి వాడు కనిపెట్టేశాడు. సంతకం పెట్టకుండా పెన్ను బల్ల మీద పెట్టి లేచిపోయాడు. వాడిది మొండితనం అన్నారు. నాకైతే వాడు చేసిందే సబబనిపించింది.

పెదవులు చూసి అర్థం చేసుకోవచ్చు కదా అంటారు. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒకేలా కనపడతాయి, అద్దం ముందు నిలబడి అని చూడండి. రాసి చూపిస్తే సరిపోదా అంటారు. సంజ్ఞా భాషకు దాని వ్యాకరణం దానికుంది. పుట్టు బధిరుల్లో చాలామందికి మనం రాసే భాష రెండో భాషే.

పిలిచినా ఎవరో ఒకరిని తెచ్చి నిలబెడితే పనైపోయిందనుకుంటారు. 2013లో నెల్సన్ మండేలా సంస్మరణ సభలో దేశాధినేతల పక్కనే ఒకాయన అర్థంలేని సైగలు చేస్తే ప్రపంచమంతా చూసింది. ఇది బాగా అలసట తెచ్చే పని. పెద్ద సమావేశాల్లో ఇద్దరుండి ఇరవై, ముప్పై నిమిషాలకోసారి మారాలి. మన అధికారులు రోజంతటికీ ఒక్కరినే పిలుస్తారు, అదీ ముందురోజు రాత్రి ఫోన్ చేసి! ఫైళ్ల మీద సంతకాలకున్న తొందర మనుషుల విషయంలో ఏ ఆఫీసులోనూ కనపడదు.

వృత్తి నిపుణులైన సంజ్ఞా భాషా ఇంటర్‌ప్రెటర్లను అందుబాటులో ఉంచాలని 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 9వ అధికరణంలోనే ఉంది. అపాయింట్‌మెంట్ ఫారంలో "ఇంటర్‌ప్రెటర్ కావాలా?" అని ఒక్క గడి పెట్టి, అవునంటే ఆ ఆఫీసే పిలిపించి, ఖర్చూ అదే పెట్టుకోవాలి. దీనికి కొత్త కమిటీ ఎందుకు?

తమ్ముడికి కొత్త తేదీ ఇచ్చారు. ఇంటర్‌ప్రెటర్ సంగతి అడిగితే "చూస్తున్నామమ్మా" అంటున్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు