షుగర్ పుండు ఎందుకు మానదు: చిన్న ఆర్ఎన్ఏల సంగతి

సంపాదకులకు నమస్కారం.

2024లో శాస్త్రవేత్తలు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు నోబెల్ తెచ్చిన మైక్రో ఆర్ఎన్ఏలను, అంటే కణాల్లోని చిన్న ఆర్ఎన్ఏ ముక్కలను, షుగర్ పుండ్లకు మందు అనేసుకోవడం తొందరపాటు.

సుమారు 22 జన్యు అక్షరాల పొడవుండే ఈ ముక్కలు ప్రోటీన్ తయారు చేయవు. ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి సూచనలు మోసుకొచ్చే మెసెంజర్ ఆర్ఎన్ఏకు అతుక్కుని ఆ తయారీని తగ్గిస్తాయి. చర్మం తెగిన తొలి రోజుల్లో వాపు ఉండాల్సిందే, క్రిములను తుదముట్టించేది అదే. తర్వాత అది తగ్గి, అంచు కణాలు జరుగుతూ గాయాన్ని కప్పాలి. ఈ మలుపు దగ్గర పనిచేసేది మిర్-132 అనే మైక్రో ఆర్ఎన్ఏ. మధుమేహ పుండ్లలో అది తక్కువగా ఉంటుంది, పుండు వాపు దశలోనే చిక్కుకుపోవడానికి అదొక కారణం. రక్తం సరిగా అందని పుండులో మిర్-210 అనే మరో మైక్రో ఆర్ఎన్ఏ పెరిగి, ఈ2ఎఫ్3 అనే ప్రోటీన్‌ను అణచి, అంచు కణాల విభజనకు అడ్డుపడుతుంది.

మరి మిర్-132ను నేరుగా పూస్తే? పుండు రసిలోని ఎంజైములు దాన్ని ఇట్టే ముక్కలు చేసేస్తాయి. అందుకే దాన్ని కాపాడే కొవ్వు నానోకణాల (అతి సూక్ష్మ కొవ్వు రేణువుల) తొడుగు కోసం పరిశోధకుల ఇంత ప్రయత్నం. పైగా ఒక్కో మైక్రో ఆర్ఎన్ఏ ఎన్నో జన్యువులను తాకుతుంది. గాయం అంచును కదిలించే మిర్-21 చాలా క్యాన్సర్లలోనూ ఎక్కువగా కనిపిస్తుంది.

కాబట్టి ఇవాళ పాదం పుండుకు కావాల్సింది దానిపై బరువు పడకుండా చూడటం, చచ్చిన కండ తీయించడం, ఇన్ఫెక్షన్‌కు చికిత్స, కాలి రక్తప్రసరణ పరీక్ష. చీలమండ-చేయి రక్తపోటు నిష్పత్తి 0.9 కన్నా తగ్గితే ధమని మూసుకుపోతోందని అనుమానించాలి. కానీ మధుమేహుల్లో ధమనులు గట్టిపడి, మూసుకుపోతున్నా ఈ అంకె మామూలుగానే కనిపించవచ్చు. అప్పుడు బొటనవేలి రక్తపోటు కూడా కొలవమని డాక్టరును అడగండి.