తోకకప్పలన్నీ ఒకటి కాదండీ

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ పిల్లల పేజీలో కప్ప జీవితచక్రం వేశారు, బొమ్మ చక్కగా ఉంది, కానీ కింద 'తోకకప్ప నాచు తింటూ పెరిగి పెద్ద కప్ప అవుతుంది' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతూ ఏళ్ల తరబడి నేనూ అదే బొమ్మ బోర్డు మీద వేశాను, ఆ బాధతోనే ఈ ఉత్తరం.

దక్షిణ అమెరికా సంగతి చూడండి. అక్కడి చెరువుల్లో సూడిస్ పారడాక్సా అనే కప్ప ఉంది. దాని తోకకప్ప 22 సెంటీమీటర్లు దాటుతుంది, అంటే జానెడు! తల్లికప్ప మాత్రం 7 సెంటీమీటర్లు, మన చూపుడువేలంత. వెనకటికి యూరప్ వాళ్లు దీన్ని చూసి, కప్పే చేపగా మారుతోందని పొరబడ్డారు. 'పెరిగి పెద్ద కప్ప' అన్న మాట ఇక్కడే చెల్లదు.

ఇక నాచు. అర్జెంటీనా, పరాగ్వేల్లోని చాకో మైదానాల్లో వానకు నిండి త్వరగా ఎండిపోయే గుంటలుంటాయి, నీళ్లు ఇంకేలోపు ఎదగాలంటే నాచుతో ఎక్కడవుతుంది? అందుకే కొన్ని మాంసానికి దిగాయి. కొమ్ముల కప్ప పిల్లకు చిలకముక్కులాంటి గట్టి నల్లటి మూతి, చుట్టూ సన్నటి పళ్ల వరసలు, దొరికిన తోకకప్పను పట్టి కొరికి తింటుంది. లెపిడోబాట్రాకస్ అనే మరో కప్ప పిల్లకు ఆ పళ్ల వరసలే లేవు, నోరు తలంత వెడల్పు, తోబుట్టువునైనా సరే బతికుండగానే గుటుక్కున మింగేస్తుంది. ఒకే గుంట, ఒకే ఆకలి, నోళ్లు మాత్రం ఇంత తేడా!

ఆండీస్ కొండవాగుల్లో అటెలోపస్ అనే కప్పల పిల్లలు పొట్ట కింద గిన్నెలాంటి పట్టుతో రాయిని కరుచుకుని ఉంటాయి, ఎంత ఉరవడికీ కొట్టుకుపోవు. చిలీలో డార్విన్ కప్ప పిల్లలైతే తండ్రి గొంతు సంచిలోనే పెరిగి బుల్లి కప్పలై బయటికొస్తాయి, వాగులో ఈదే పనే లేదు.

అంత దూరం ఎందుకు, తొలకరికి పసుపు రంగు తేలి అరిచే మన పెద్ద కప్ప పిల్లలూ మాంసం తినేవే. పోయిన వానాకాలం బడి వెనక గుంట నీళ్లు గాజు సీసాలో పట్టి పెడితే, ఒకటి పక్కనున్న నల్లటి చిన్నదాని తోక నోట్లో పెట్టుకుని తిరిగింది, పిల్లలు గంట మోగినా కదల్లేదు.

ఈసారి ఆ పేజీలో కనీసం నాలుగు తోకకప్పల మూతులు పక్కపక్కన వేయండి. పెద్దగా వేయండి, పళ్ల వరసలు కనపడేలా.

– ఒక జీవశాస్త్రం టీచరు, కర్నూలు జిల్లా